పాజ్ నొక్కడం ఆలస్యమైన చోట

నాయన పోయిన రెండో ఏడు ఇల్లు సర్దుతుంటే అటక మీద ట్రంకు పెట్టె దొరికింది. అందులో 74 క్యాసెట్లు. అట్టల మీద నాయన చేతిరాత: "భక్తి–3", "పాతవి, మంచివి", "జనరంజని కలగలుపు". నాయన పాటల క్యాసెట్లు కొన్నది చాలా తక్కువ. ఖాళీ క్యాసెట్లు కొని, రేడియోలో పాట వచ్చినప్పుడు పట్టుకునేవాడు. మా ఇంట్లో ఆ మాటే వాడేవాళ్లం, పాట పట్టుకోవడం అని. ప్లే, రికార్డు బటన్లు రెండూ కలిపి నొక్కి, పాజ్ మీద వేలు పెట్టుకుని కూర్చునేవాడు. అనౌన్సర్ గొంతు వినపడగానే పాజ్. పాట ఎత్తుకోగానే వదిలేయడం. ఆ పని జరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

ఇవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి దాచుకుందామనుకున్నాను. నాకు ఆ పని రాదు కాబట్టి, పాత క్యాసెట్లు మార్చి ఇచ్చే ఒక షాపులో ఐదు క్యాసెట్లు ఇచ్చి చూశాను. వారానికి పెన్‌డ్రైవ్ వచ్చింది. పాటలు శుభ్రంగానే ఉన్నాయి, కానీ ఏదో తేడా కొట్టింది. "భక్తి–3"లో రెండో పాట అయిపోగానే "ఆకాశవాణి, కడప కేంద్రం" అని ఒక ఆడగొంతు రావాలి. చిన్నప్పుడు ఆ క్యాసెట్ కొన్ని వందల సార్లు విన్నాను, పాటకు ఆ మాట తోకలా అంటుకుని ఉండేది. పెన్‌డ్రైవ్‌లో అది లేదు. షాపుకు ఫోన్ చేసి అడిగాను. "మధ్యలో మాటలు, శబ్దాలు అన్నీ తీసేశాం మేడం, నీట్‌గా ఉంటుందని" అన్నాడు ఆ అబ్బాయి. ఇందుకోసం విడిగా డబ్బు కూడా తీసుకోలేదట.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాయన పట్టుకున్న పాటల్లో నూటికి తొంభై ఈ రోజు ఫోన్లో ఎక్కడైనా దొరుకుతాయి, ఇంతకంటే మంచి క్వాలిటీతో. దొరకనివల్లా ఆ మధ్యలోవే. స్టేషన్ పేరు చెప్పే గొంతు, వార్తల ముందు వచ్చే బీప్‌లు, "ప్రసారంలో అంతరాయానికి చింతిస్తున్నాం" అన్న మాట, కార్యక్రమం రెండు నిమిషాలు ముందే అయిపోతే వేసే వీణ ముక్క. ఇవి చాలావరకు అనౌన్సర్ స్టూడియోలో కూర్చుని అప్పటికప్పుడు చెప్పినవి. గాల్లోకి వెళ్లిపోయాక ఇక ఏ టేపులోనూ ఉండవు. ఎవరి ఇంట్లోనైనా పాజ్ మీద వేలు ఒక్క క్షణం ఆలస్యమైతేనే అవి మిగిలాయి. ఆ క్షణాలనే షాపులో కత్తిరించి పారేశారు.

మర్నాడు వెళ్లి ఐదు క్యాసెట్లూ వెనక్కి తెచ్చుకున్నాను. ఆ పని నేనే చేద్దామని అప్పుడే నిశ్చయించుకున్నాను.

నాయన టూ-ఇన్-వన్, రేడియో, టేపు రికార్డరు కలిసిన సెట్టు, పనికిరాలేదు. లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా పుల్లీకి అంటుకుపోయింది. తెలిసినవాళ్ల ద్వారా ఒక సెకండ్‌హ్యాండ్ క్యాసెట్ డెక్ సంపాదించాను. మొదటి రోజే తప్పు చేశాను. టేపును చదివే హెడ్, రబ్బరు రోలరు తుడవకుండానే క్యాసెట్ పెట్టి ప్లే నొక్కాను. జిగురు పట్టిన రోలరు టేపును లోపలికి లాక్కుని ముడతలు ముడతలుగా చుట్టేసుకుంది. నలిగిన ఆ అడుగున్నర టేపులో ఏముందో ఇప్పుడు సరిగ్గా వినపడదు. ఆ రోజు నుంచీ ప్రతి క్యాసెట్‌కు ముందు దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి హెడ్, రోలరు, దాని పక్కన టేపును నడిపే సన్న కడ్డీ (క్యాప్‌స్టన్) తుడుస్తున్నాను. దూదికి గోధుమ రంగు అంటడం ఆగేదాకా తుడవాలి.

మాది అనంతపురం జిల్లా. ఎండిపోయిన గాలి కావడంతో టేపులకు బూజు పట్టలేదు, అదొక అదృష్టం. విజయవాడ నుంచి మా పెద్దమ్మ పంపిన నాలుగు క్యాసెట్లు తెరిచి చూస్తే రీలు అంచు మీద తెల్లగా బూజు, ముగ్గు చల్లినట్టు. మావాటికి వచ్చిన జబ్బు వేరు. హెడ్‌కు టేపును ఒత్తిపట్టే చిన్న ఉన్ని మెత్త ఉంటుంది చూడండి, దాని జిగురు ఎండిపోయి రాలిపోయింది. అది లేకపోతే శబ్దం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. స్క్రూలు ఉన్న క్యాసెట్లయితే తెరిచి, రీళ్లు రెండూ తీసి, కొత్త క్యాసెట్ పెట్టెలోకి మార్చాను. స్క్రూలు లేకుండా అతికించేసిన రకాన్ని బ్లేడుతో అంచు వెంట విప్పాల్సి వచ్చింది. మొదటిది విప్పేటప్పుడు చేతులు వణికాయి.

ఆ తర్వాత అజిమత్, అంటే టేపు మీద హెడ్ నిలిచే కోణం. టేపుకు హెడ్ సరిగ్గా నిటారుగా ఉండాలి. కానీ నాయన రికార్డర్‌లో హెడ్ ఏ కాస్త వాలి ఉందో, నా డెక్‌లోనూ అంతే వాల్చాలి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. టేపు ఆడుతుండగానే దాన్ని చాలా కొద్దిగా తిప్పుతూ వినాలి. ఒక చోటుకు రాగానే గుడ్డ కప్పినట్టున్న గొంతు మీద నుంచి గుడ్డ తీసినట్టవుతుంది. "స" అన్న అక్షరం పదునుగా తగులుతుంది. నేను అనౌన్సర్ చెప్పే "సమయం" అన్న మాట పట్టుకుని సరిచేసుకునేదాన్ని. పాటతో చేస్తే చెవి మోసపోతుంది. మాటతో చేస్తే తప్పు దొరికిపోతుంది.

అసలు చిక్కు వేగంతో వచ్చింది. కొన్ని క్యాసెట్లలో గొంతులు కాస్త సన్నగా, తొందరగా వినిపించాయి. డెక్ తప్పా, టేపు తప్పా తెలియదు. రికార్డింగులో పడే కరెంటు గుయ్యిమనే మోత (హమ్) చూసి వేగం కొలవొచ్చని ఎక్కడో చదివాను. 50 హెర్ట్జ్ ఎక్కడ పడుతుందో చూస్తే చాలట. కానీ ఆ రోజుల్లో మన గ్రిడ్ 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, లోడు పెరిగితే 49 కంటే కిందికి కూడా దిగేది. ఆ కొలబద్దే సాగుతుంటే దానితో ఏం కొలుస్తాం.

అప్పుడు వార్తల బీప్‌లు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో ఉదయం 6:55కి సంస్కృత వార్తలు, ఏడింటికి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. "ఇయమాకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్, ప్రవాచకః బలదేవానంద సాగరః" అన్న ముక్క మా తరంలో సంస్కృతం ఒక్క ముక్క రానివాళ్లకూ కంఠతా వచ్చు. ఆ వార్తలు అయ్యాక సెకనుకొకటి చొప్పున ఆరు బీప్‌లు. ఐదు పొట్టివి, చివరిది పొడుగు. మొదటి బీప్ మొదలైన చోటు నుంచి ఆరో బీప్ మొదలైన చోటుకు సరిగ్గా ఐదు సెకన్లు ఉండాలి. కంప్యూటర్ తెర మీద తరంగాన్ని పెద్దది చేసి కొలిచాను. 4.86 సెకన్లు వచ్చింది. అంటే నా దగ్గర టేపు దాదాపు మూడు శాతం వేగంగా ఆడుతోంది.

టెస్ట్ క్యాసెట్ తెప్పించి డెక్ చూసుకున్నాను, అది సరిగ్గానే ఉంది. మరి తేడా ఎక్కడిది? అమ్మను అడిగితే వెంటనే చెప్పింది. "కరెంటు యాడ ఉండేది పాపా? మీ నాయన సెల్లులేసి పట్టేవాడు. సెల్లు అయిపోవస్తావుంటే పాట ఈడుస్తాది కదా." అంతే. బ్యాటరీలు నీరసించినప్పుడు రికార్డర్ మోటారు నెమ్మదించింది, టేపు మెల్లగా నడిచింది. ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే అన్నీ పరుగెత్తుతున్నాయి. పైగా ఒకే పక్కలో మొదట ఒకలా, చివర ఒకలా. అందుకని బీప్‌లు దొరికిన ప్రతి చోటా కొలత రాసుకుని, వాటి మధ్య ఉన్నవాటికి ఆ లెక్కన వేగం తగ్గించాను. నాయన ఏనాడూ కావాలని రికార్డు చేయని బీప్‌లే అతని పాటల శ్రుతిని సరిచేశాయి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఒక ఆదివారమంతా బీప్‌లు కొలుస్తూనే ఉండిపోయాను.

రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైళ్లు. అసలు ఫైలు మీద నాయిస్ రిడక్షన్ వేయలేదు, వేయను కూడా. టేపు బుసబుస (హిస్) తీసేస్తే దానితోపాటు స్టూడియో గది కూడా పోతుంది.

క్యాసెట్లలో రెండు కాలాలున్నాయి. పాతవి, 1983 ముందువి, నాయన చిన్న మోనో రికార్డర్‌తో పట్టినవి. రేడియో ముందు మైకు పెట్టేవాడు. అందుకే వాటిలో మా ఇల్లంతా ఉంది. కోడి కూత, బిందె దించిన చప్పుడు, అవ్వ దగ్గు. "భక్తి–1" అన్న క్యాసెట్ మొదట్లో ఒక నిమిషం పైగా ఏమీ లేదనుకుని దాటేయబోయాను. జాగ్రత్తగా వింటే ముందు బరబర, స్టేషన్ లేని చోట వచ్చే మీడియం వేవ్ గోల. ఉన్నట్టుండి ఆ గోల అణిగిపోతుంది. నిశ్శబ్దం. అంటే కడపలో ట్రాన్స్‌మిటర్ వేశారు, ఇంకా శబ్దం పంపలేదు. కొన్ని సెకన్లకు తంబురా మీద వయొలిన్, ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్. చెకోస్లొవేకియా నుంచి వచ్చి బొంబాయి స్టేషన్‌లో పనిచేసిన వాల్టర్ కౌఫ్‌మన్ దాన్ని కట్టాడు. మన చెవికి శివరంజని రాగంలా తగులుతుంది. తర్వాత వందేమాతరం, మంగళవాద్యం. నాయన ఆ పొద్దు స్టేషన్ తెరవకముందే లేచి, బటన్ నొక్కి కూర్చున్నాడన్నమాట. ఎందుకు పట్టాడో అమ్మకూ తెలియదు. అంత చీకట్లో ఒక ఊరికి రేడియో మేలుకోవడం ఎలా ఉంటుందో ఆ నిమిషంలో ఉంది.

రెండో కాలం టూ-ఇన్-వన్ వచ్చాక. లోపలి నుంచే నేరుగా రికార్డవుతుంది కాబట్టి ఇంటి చప్పుళ్లు మాయమయ్యాయి. స్టేషన్ మాత్రం బాగా దగ్గరికొచ్చింది. 1991లో అనంతపురంలో ఎఫ్.ఎం. స్టేషన్ పెట్టారు, 101.7 మెగాహెర్ట్జ్. జిల్లాల్లో చిన్న చిన్న స్థానిక కేంద్రాలు పెట్టడం 1984లో నాగర్‌కోయిల్‌తో మొదలైంది. మన వైపు ఆదిలాబాద్, కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్ ఇలా ఒక్కొక్కటీ వచ్చాయి. నాయన ఎఫ్.ఎం. ఉన్న సెట్టు కొన్నది అప్పుడే. మీడియం వేవ్‌లో కడప వింటే గొంతు పై భాగం కోసేసినట్టు ఉంటుంది. ఎఫ్.ఎం.లో అనౌన్సర్ పెదవులు విడివడిన చప్పుడు కూడా వినపడుతుంది.

స్థానిక కేంద్రం వచ్చాక క్యాసెట్లలో తోకల స్వభావమే మారిపోయింది. కడప, హైదరాబాద్ కేంద్రాల్లో అన్నీ అచ్చు పుస్తకంలా వినిపించేవి. ఇక్కడ మాట మన మాటకు దగ్గర పడింది. వేరుశనగకు ఎప్పుడు మందు కొట్టాలో రేపు సాయంత్రం చెబుతామని ఒక ప్రకటన, ముందు వెనకా రెండు దరువులు. శ్రోతల ఉత్తరాల కార్యక్రమానికి చిన్న వేణువు ముక్క, కచ్చితంగా ఏడు సెకన్లు. నాలుగు క్యాసెట్లలో నాలుగు సార్లు దొరికింది, నాలుగుసార్లూ ఏడే. ఒక బట్టల షాపు ప్రకటన ఉంది. పాడినవాళ్లు ప్రొఫెషనల్స్ కారని తెలిసిపోతుంది. వెనక హార్మోనియం, తబలా, అంతే. చివర షాపు ఉన్న వీధి పేరు చెబుతున్నప్పుడు ఒక గొంతు ముందుకెళ్లిపోయింది, మిగతావాళ్లు పరిగెత్తి అందుకున్నారు. మళ్లీ రికార్డు చేసే తీరిక లేదో, అంతే చాలనుకున్నారో. అది వింటే నాకు ఎంత సంతోషమో మాటల్లో పెట్టలేను. 2006 తర్వాత హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్.ఎం.లు వచ్చాక జింగిల్స్ అంటే మెరుపులు, చప్పుళ్లు, గొంతు మీద గొంతు. వాటిలో ఏ అక్షరమూ తడబడదు. అవీ కష్టపడి చేసినవే, కాదనను. కానీ ఈ హార్మోనియం ముక్క విన్నప్పుడు అది పాడిన నలుగురు మనుషులు కళ్లకు కడతారు.

ఫైళ్లకు తేదీలు పెట్టడం చాలా కష్టమైంది. నాయన అట్టల మీద ఏడు రాసింది తక్కువ. ఇక్కడా మధ్యలో మాటలే ఆదుకున్నాయి. "కలగలుపు–11"లో పోలియో చుక్కల ప్రకటన తోక ఉంది. మూడేళ్ల లోపు పిల్లలందరికీ, జనవరి 20న, అని. దేశమంతటా పల్స్ పోలియో మొదలైన 1995–96లో మూడేళ్ల లోపు పిల్లలకే వేశారు. తర్వాతి ఏడు నుంచే ఐదేళ్ల దాకా పెంచారు. జనవరి 20 ఆ మొదటి ఏటి రెండో విడత. అంటే ఆ పాట 1996 జనవరిలోనో, కాస్త ముందో పట్టింది.

ఆ క్యాసెట్‌నే తిప్పి రెండో పక్క పెట్టాను. భక్తి పాటలు. మూడో పాట అయిపోగానే మామూలుగా టక్కుమని పాజ్ పడాలి. పడలేదు. ప్రాంతీయ వార్తలు మొదలయ్యాయి. ఎన్.టి. రామారావు కన్నుమూశారన్న వార్త. 1996 జనవరి 18 ఉదయం. టేపు అలా సాగుతూనే ఉంది, నాలుగు నిమిషాలకు పైగా, ఆ పక్క అయిపోయి బటన్ తనంతట తాను పైకి లేచేదాకా. ఇప్పటిదాకా విన్న క్యాసెట్లలో వార్తలు ఇంతసేపు ఉన్నది ఇక్కడ ఒక్కచోటే. చదువుతున్న గొంతు ఎక్కడా తొణకదు. కానీ వాక్యానికీ వాక్యానికీ మధ్య విరామం మామూలు కంటే ఎక్కువ. మిగతా తోకలతో పోల్చి చూశాను, నా భ్రమ కాదు.

అమ్మకు వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ పొద్దు మీ నాయన నిలబడిపోయినాడు పాపా, టేపు తిరగతా ఉన్న సంగతి గూడా చూసుకోలేదు" అంది.

ఇప్పటిదాకా దొరికిన తోకలన్నీ విడిగా కాపీ చేసి చేరిస్తే గంటా నలభై నిమిషాలు వచ్చాయి. ఎక్కువ భాగం రెండు, మూడు సెకన్లవే. ఒక్కోదానికి క్యాసెట్ సంఖ్య, పక్క, ఎన్నో నిమిషం, కేంద్రం, తెలిసినంతవరకు ఏడు రాసిపెట్టాను. పాటల ఫైళ్లలోనూ వాటిని ఉన్నచోటే ఉంచాను. మీ ఇంట్లో ఇలాంటి క్యాసెట్లుంటే, ఎవరితో మార్పించినా సరే, ఏదీ కత్తిరించొద్దని ముందే చెప్పండి. పక్కకు పక్క మొత్తం ఒకే ఫైలుగా ఇమ్మనండి. పాటల్ని విడదీయడం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

గొంతులు ఎవరివో కొన్ని నాకు తెలియలేదు. తెలిసినవాళ్ల ద్వారా, అప్పట్లో స్థానిక కేంద్రంలో అనౌన్సర్‌గా చేసి రిటైరైన ఒకావిడకు పన్నెండు ముక్కలు పంపాను. రెండు రోజులకు ఫోన్ చేశారు. తొమ్మిదోది ఆమె గొంతేనట. తన గొంతు రికార్డుగా ఆమె దగ్గర ఒక్కటీ లేదు. "అందులో స్టేషన్ పేరు చెప్పాక చిన్న గలగల వినిపిస్తుంది, విన్నావా అమ్మా?" అని అడిగారు. విన్నాను, టేపు లోపమేమో అనుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. "అవి నా గాజులు. మైకు దగ్గరికి వచ్చేటప్పుడు పైకి తోసుకోవాలి. డిస్కు మీద ముల్లు పెట్టడానికి చెయ్యి చాపేసరికి జారిపోయేవి" అన్నారు.

ప్రశ్నార్థకం కొట్టేసి, ఆ ముక్క పక్కన "గాజులు" అని రాశాను. ఆమె ఇంకో మూడు గొంతుల పేర్లు చెప్పారు, ఏడు సెకన్ల వేణువు ఎవరు వాయించారో కనుక్కుని చెబుతానన్నారు. ఇంకా ఆరు క్యాసెట్లు మిగిలి ఉన్నాయి. వాటిలో రెండింటికి టేపు తెగింది, అతికించాలి.